గోడ కొనాలా, గంట కొట్టాలా?

ప్రశ్న: మాది తెనాలి. ఇంటి కింద భాగంలో చిన్న ప్రీస్కూల్ నడుపుతున్నాను. మూడు నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు నలభై మంది దాకా ఉన్నారు. ఫ్రాన్స్‌లో ఉండే మా ఆడపడుచు ఈమధ్య ఒక వీడియో పంపింది. చిన్నపిల్లలు గీతలూ రంగు మచ్చలే తప్ప చెట్టూ మనిషీ లేని ఒక పెద్ద బొమ్మ ముందు నిలబడి రంగుల మీద చెయ్యి వేస్తుంటే ఒక్కో రంగు ఒక్కో రకంగా మోగుతోంది. ఆ పిల్లల మొహాలు చూశాక మా బడిలోనూ అలాంటిది పెట్టాలనిపించింది. ఒక కంపెనీ వాళ్లను పిలిపిస్తే ‘ఇంటరాక్టివ్ వాల్’ (ముట్టుకుంటే మోగే గోడ) పెడతాం, మూడు లక్షలవుతుంది, పిల్లల ఐక్యూ కూడా పెరుగుతుంది అన్నారు. మా వారేమో ఆ డబ్బుతో ఏసీ పెట్టించమంటున్నారు. ‘గీతలూ మచ్చలూ చూపించి ఏం నేర్పుతారండీ’ అని కొందరు పేరెంట్స్ అప్పుడే అడిగేశారు. నిజం చెప్పాలంటే ఆ బొమ్మలు నాకే అర్థం కావు. మూడేళ్ల పిల్లలకు ఏం అర్థమవుతాయి? ఈ శబ్దాల ఏర్పాటు వల్ల నిజంగా ఉపయోగం ఉందా? వార్షికోత్సవానికి పెడితే బాగుంటుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మూడు లక్షల గోడ ఇప్పుడు కొనకండి. ముందు ఆ మాట తేల్చేస్తే మిగతాది నిదానంగా మాట్లాడుకోవచ్చు. ఏసీ విషయంలో మీ వారితో వాదించే ఉద్దేశం నాకు లేదు, తెనాలి ఎండలు నాకూ తెలుసు. మీకొచ్చిన ఆలోచన మాత్రం మంచిదమ్మా, దాన్ని వదులుకోవద్దు. దానికి కావలసినవి ఒక మంచి బొమ్మ, నాలుగు శబ్దాలు, మీ టీచర్ల ఓపిక.

ఆ వీడియోలో బొమ్మ ఎవరిదో మీరు రాయలేదు. ఇలాంటి ఏర్పాట్లకు తరచూ తీసుకునేవి రష్యన్ చిత్రకారుడు వసీలీ కాండిన్‌స్కీ బొమ్మలు. అందుకు కారణం ఉంది. ఆయన 1866లో మాస్కోలో పుట్టాడు. చిన్నప్పుడే పియానో, చెల్లో (వయొలిన్ లాంటిదే, ఇంకా పెద్దది) నేర్చుకున్నాడు. లా చదివి, పాఠాలు కూడా చెప్పి, ముప్పై ఏళ్ల వయసులో అదంతా వదిలేసి బొమ్మలు నేర్చుకోవడానికి జర్మనీలోని మ్యూనిక్ వెళ్లిపోయాడు. మన ఇళ్లలో అయితే ఎంత గొడవ అయ్యుండేదో! 1911 జనవరిలో అక్కడే ఆస్ట్రియా సంగీతకారుడు ఆర్నాల్డ్ షోన్‌బర్గ్ సంగీతం కచేరీలో విన్నాడు. అప్పటిదాకా పాశ్చాత్య సంగీతం నడిచిన దారిని వదిలేసి, జనం చెవులకు కొత్తగా, కాస్త కటువుగా తగిలిన సంగీతం అది. కచేరీ అయిన కొద్ది రోజుల్లోనే కాండిన్‌స్కీ ఒక బొమ్మ వేశాడు. ‘ఇంప్రెషన్ 3 (కచేరీ)’ అని దాని పేరు. నల్లటి పెద్ద ఆకారం ఒకటి కనిపిస్తుంది, అది పియానో. దాని పక్కన వంగి వింటున్న జనం. ఇక మిగిలిన చోటంతా పరుచుకున్న పసుపు. ఆ హాల్లో పసుపు గోడ ఉందా, పసుపు దీపం ఉందా అని వెతక్కండి, అది ఆయన విన్నది. ఆ బొమ్మ ఇప్పుడు మ్యూనిక్‌లోని లెన్‌బాఖ్‌హౌస్ మ్యూజియంలో ఉంది.

అదే ఏడాది చివర్లో అచ్చైన తన పుస్తకంలో రంగులకూ వాద్యాలకూ జోడీలు కలిపాడు. పసుపు ట్రంపెట్ మోతలా పొడుచుకొస్తుందట. లేత నీలం ఫ్లూటు, ముదురు నీలం చెల్లో, ఇంకా ముదిరితే చెల్లో కంటే పెద్దదైన డబుల్ బేస్, మరీ లోతైతే చర్చిలో మోగే ఆర్గన్. ఆకుపచ్చ వయొలిన్ మీద నెమ్మదిగా లాగే మధ్యస్థాయి స్వరం. తెలుపు నిశ్శబ్దమే గానీ పాట మధ్యలో ఆగి మళ్లీ ఎత్తుకోబోయే విరామం. నలుపు పాట పూర్తిగా అయిపోయాక వచ్చే నిశ్శబ్దం. ఇంత వివరంగా రాసి పెట్టాడు కాబట్టే మ్యూజియంల వాళ్లకు పని సులువైంది. 2021లో పారిస్‌లోని పాంపిడూ సెంటర్ అనే కళా మ్యూజియం, గూగుల్ కలిసి ఆయన 1925లో వేసిన ‘పసుపు-ఎరుపు-నీలం’ అనే బొమ్మను నొక్కితే మోగేలా చేసి ఆన్‌లైన్‌లో పెట్టాయి. ‘ప్లే ఎ కాండిన్‌స్కీ’ అని వెతికితే దొరుకుతుంది, డబ్బులేమీ కట్టనక్కర్లేదు. పిల్లలకు చూపించే ముందు ఒక రాత్రి మీరొక్కరే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని దానితో కాసేపు ఆడుకోండి. ‘నాకే అర్థం కావు’ అన్నారు కదా, అర్థం కోసం వెతకడం మానేసి ఏ మూల ఎలా మోగుతుందో వింటూ కూర్చోండి. ఆ తర్వాత బొమ్మ మీకు ఎలా కనిపిస్తుందో మీరే చూసుకోండి.

మూడేళ్ల పిల్లల సంగతి. ఈ విషయంలో వాళ్లు మనకంటే నయం. మనం బొమ్మ చూడగానే ‘ఇదేంటి’ అని వెతుకుతాం. చెట్టో మనిషో దొరక్కపోతే చిరాకు పడతాం. మూడేళ్ల వాళ్లు రోజూ వేసేవే గీతలూ సున్నాలూ, వాళ్లకు అందులో వింతేముంది? పైగా చూసేదాన్నీ వినేదాన్నీ జత కలపడం వాళ్లకు బడికి రాకముందే వచ్చు. ముళ్లలా కోసుగా ఉన్న ఆకారం ఒకటి, గుండ్రంగా మెత్తగా ఉన్న ఆకారం ఒకటి పక్కపక్కన పెట్టి, వీటిలో ‘కికి’ ఏది, ‘బౌబా’ ఏది అని అడిగితే దాదాపు అందరూ కోసుదాన్నే కికి అంటారు. ఇలాంటి ప్రయోగం 1929లో జర్మన్ శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ కోలర్‌తో మొదలైంది. 2001లో మెదడు మీద పరిశోధన చేసే వి.ఎస్. రామచంద్రన్, ఎడ్వర్డ్ హబ్బర్డ్ దాన్ని కొత్త పేర్లతో మళ్లీ ముందుకు తెచ్చారు. 2006లో కెనడాలో డాఫ్నీ మౌరర్ బృందం ఇదే సంగతి రెండున్నరేళ్ల పిల్లల్లోనూ చూసింది. ఇంకా చిన్నవాళ్ల మీద కూడా పని జరిగింది. స్వరం పైకి వెళ్తుంటే బంతి కూడా పైకి వెళ్లే బొమ్మను మూడు నాలుగు నెలల పసివాళ్లు ఎక్కువసేపు చూశారు. స్వరం పైకి, బంతి కిందికి అయితే అంతసేపు చూడలేదు.

దీన్నిబట్టి పిల్లలకు కాండిన్‌స్కీ తెలిసిపోయాడని ఎవరైనా అంటే నమ్మకండి. బొమ్మను చెవితో కూడా పట్టుకోమంటే వాళ్లు తికమకపడరు అన్నంతవరకే తీసుకోండి.

ఇంకో భయం కూడా వదిలేయండి. ఏ రంగుకు ఏ శబ్దం పెట్టాలి అనేదానికి సరైన జవాబు లేదు. రష్యాలోనే ఇద్దరు పెద్ద సంగీతకారులు రిమ్‌స్కీ-కోర్సకోవ్, స్క్రియాబిన్. సి మేజర్ అనే పాశ్చాత్య స్వరశ్రేణి తెల్లగా ఉంటుందని ఒకరు, కాదు ఎర్రగా ఉంటుందని ఇంకొకరు. వాళ్లకే కుదరనిది మీకూ నాకూ కుదరాల్సిన పనిలేదు. మీ బడిలో నీలానికి తంబూర పెడితే అది నీలమే. వచ్చే నెల దాన్ని తీసేసి డోలు పెట్టినా నీలమే.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇలాంటి ఏర్పాట్లలో శబ్దం చేయాల్సిన పని ఒక్కటే, పిల్లవాణ్ణి బొమ్మ ముందు ఇంకాసేపు నిలబెట్టడం. నాలుగేళ్ల పిల్లవాడు గోడకున్న బొమ్మను మామూలుగా ఎంతసేపు చూస్తాడో మీకు తెలుసు, చూసీ చూడకుండా దాటిపోతాడు. చెయ్యి వేస్తే మోగిందనుకోండి, ఆగుతాడు. మళ్లీ వేస్తాడు. పక్కన వేస్తే వేరేలా మోగింది. ‘ఇక్కడ ఎందుకు వేరే’ అని ఆ రెండు చోట్లనీ చూస్తాడు. ఆ రెండో చూపు కోసమే ఇదంతా. వాడు అంచులు చూస్తాడు, ముదురు-లేత తేడా చూస్తాడు, గీత ఎక్కడ వంగిందో చూస్తాడు. పెద్దవాళ్లకు ఉపన్యాసాలిచ్చి చూపించాల్సినవి ఇవే.

డబ్బు పోసి కొన్న గోడలు చాలావరకు ఇక్కడే దెబ్బతింటాయి. ఎక్కడ తాకినా మోగుతుంది, మోగిన ప్రతిసారీ లైట్లు వెలుగుతాయి, వెనకాల ఇంకో మ్యూజిక్ నడుస్తూనే ఉంటుంది. పదిమంది పిల్లలు ఒకేసారి బాదుతారు. ఏ శబ్దం ఎవరి చేతి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. అప్పుడు బొమ్మ స్విచ్‌బోర్డు అయిపోతుంది, స్విచ్‌బోర్డును ఎవరూ చూడరు, నొక్కి పోతారు. పిల్లలు కేరింతలు కొడతారు నిజమే, వీడియో కూడా బాగా వస్తుంది. కేరింతల కోసమే అయితే బెలూన్లు చాలు కదండీ.

అందుకే మొదట రూపాయి ఖర్చు లేకుండా పరీక్ష చేయండి. ‘పసుపు-ఎరుపు-నీలం’ బొమ్మనే తీసుకోండి, చిన్నపిల్లలకు అది చాలా అనువైన బొమ్మ. ఎడమవైపు పసుపు, అక్కడ తిన్నని గీతలు, చతురస్రాలు, వెలుతురు. కుడివైపు ముదురు నీలం గుండ్రం, దాని మీదుగా పాములా మెలికలు తిరిగిన నల్లటి లావు గీత. మధ్యలో ఎరుపు. రెండు వైపులకూ ఉన్న తేడా మూడేళ్ల పిల్లకు కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కాండిన్‌స్కీ 1944లో చనిపోయాడు, మన కాపీరైట్ చట్టం పెట్టిన 60 ఏళ్ల గడువు దాటిపోయింది కాబట్టి ప్రింట్ వేయించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అసలు బొమ్మ దాదాపు రెండు మీటర్ల వెడల్పు ఉంటుంది. ఫ్లెక్స్ షాపులో అంత సైజు తేలిగ్గా వేస్తారు గానీ మెరిసే ఫ్లెక్స్ వద్దు, ట్యూబ్‌లైట్ పడి రంగులు కనిపించవు. మెరుపు లేని మ్యాట్ రకం అడగండి. గోడకు కట్టేటప్పుడు బొమ్మ మధ్యభాగం నేల నుంచి మూడడుగుల ఎత్తులో ఉండాలి, పిల్లల కంటి ఎత్తు సుమారు అంతే. మన బడుల్లో బొమ్మలన్నీ ఇన్‌స్పెక్టర్ గారి కంటి ఎత్తులో ఉంటాయి.

బొమ్మ పక్కన ఒక చీర అడ్డంగా కట్టి, వెనక ఒక టీచర్ని కూర్చోబెట్టండి. ఆవిడకు పిల్లల చెయ్యి కనిపించేంత సందు ఉంచండి. పిల్ల పసుపు మీద చెయ్యి వేస్తే చిన్న గంట. నీలం మీద వేస్తే హార్మోనియం కింది స్వరం, చెయ్యి తీసేదాకా అలా లాగుతూనే ఉండాలి. ఎరుపుకు డప్పు మీద ఒక్క దెబ్బ. నల్ల గీత వెంట వేలు జరిపితే వేలు కదిలినంతసేపూ గజ్జెలు, ఆగితే ఆపేయాలి. అంతే, నాలుగు చాలు. తెల్లగా ఉన్న చోట తాకితే ఏమీ మోగకూడదు. ఇది మర్చిపోకండి, నాకు ఈ మొత్తంలో బాగా ఇష్టమైన భాగం ఇదే. మోగని చోటు దొరికితే పిల్లలు అక్కడే ఆగి మళ్లీ మళ్లీ తాకి చూస్తారు, చెవి పెట్టి వింటారు. తెలుపు గురించి కాండిన్‌స్కీ పేరాలకు పేరాలు రాసింది వాళ్లకు వేలి చివర తెలుస్తుంది.

ఒకసారికి ముగ్గురు, మహా అయితే నలుగురు. మిగతావాళ్లను వేరే గదిలో ఇంకో పనిలో పెట్టండి. చీర వెనక ఎవరున్నారో పిల్లలు రెండు నిమిషాల్లో కనిపెట్టేస్తారు, ఏం ఫరవాలేదు, తర్వాత ‘నేను కొడతా, నువ్వు ముట్టుకో’ అని వాళ్లే లోపలికి దూరతారు. అది ఇంకా మంచిది. ఇప్పుడు మీరు గమనించాల్సింది ఒక్కటే. చెయ్యి వేసేముందు పిల్లలు బొమ్మను చూస్తున్నారా, లేక చీర వైపు చూస్తున్నారా? రెండో రోజుకూ బొమ్మను చూస్తుంటే ముందుకు వెళ్లండి. చూడకపోతే ఆ బొమ్మ మార్చండి, శబ్దాలు తగ్గించండి. ఈ పరీక్ష నెగ్గని ఆలోచన మూడు లక్షలు పెట్టినా నెగ్గదు.

శబ్దాల ఎంపికలో ఒక కఠినమైన నియమం పెట్టుకోండి. సినిమా పాట ముక్కలొద్దు, జంతువుల అరుపులొద్దు, మాటలసలే వద్దు. పసుపు ముట్టుకుంటే కోడిపిల్ల కిచకిచలాడిందంటే ఇక ఆ పసుపు కోడిపిల్లే, పిల్లలు దాన్ని ఇంకో రకంగా చూడరు. తెలిసిన పాట వినిపిస్తే బొమ్మ వదిలేసి పాట పాడతారు. శబ్దం కూడా బొమ్మలాగే దేనికీ గుర్తుగా లేకుండా ఉండాలి. ఇత్తడి పళ్లెం, మట్టి కుండ, చిడతలు, నీళ్లు పోసిన పింగాణీ గిన్నెలు, శ్రుతిపెట్టె, ఇవన్నీ తెనాలిలో దొరికేవే. హార్మోనియం నాటకాలకు పేరు మోసిన ఊరు మీది, అరువిచ్చేవాళ్లు దొరకరా?

చీర పరీక్ష బాగా నడిస్తే అప్పుడు కొంచెం డబ్బు పెట్టండి. ‘మేకీ మేకీ’ అని ఒక చిన్న బోర్డు ఉంది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం మీడియా ల్యాబ్‌లో జే సిల్వర్, ఎరిక్ రోసెన్‌బామ్ తయారు చేశారు, 2012 నుంచి అమ్ముతున్నారు. కొన్ని వేల రూపాయల్లో అయిపోతుంది. యూఎస్‌బీ వైరుతో ల్యాప్‌టాప్‌కు పెడితే ల్యాప్‌టాప్ దాన్ని కీబోర్డు అనుకుంటుంది. బోర్డు నుంచి ఒక వైరు బొమ్మలో ఆ రంగు దగ్గర అంటించిన చిన్న అల్యూమినియం ఫాయిల్ ముక్కకు, ఇంకో వైరు ‘ఎర్త్’ నుంచి పిల్లవాడికి. వాడు ఫాయిల్ ముట్టుకోగానే వాడి ఒంటి గుండానే సర్క్యూట్ పూర్తై ఒక కీ నొక్కినట్టవుతుంది. ఆ కీకి మీరు రికార్డు చేసుకున్న శబ్దాన్ని స్క్రాచ్ అనే ఉచిత ప్రోగ్రాంలో కలుపుకోవచ్చు. ముందువైపే ఆరు శబ్దాలకు చోటుంది, మనకు కావలసినవి నాలుగే. ఒంట్లోంచి పోయే కరెంటు మైక్రో ఆంపియర్‌లో (ఆంపియర్‌లో పది లక్షల వంతు) నాలుగో వంతు కూడా ఉండదు, పేరెంట్స్ అడిగితే ధైర్యంగా చెప్పండి. అయినా ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీదే నడపండి, పిల్లలున్న చోట ఆ జాగ్రత్త ఎప్పుడూ మంచిదే.

ఎర్త్ వైరును పిల్లల చేతికి కట్టడం పెద్ద తంటా, తెంపేస్తారు. ఎలాగూ చెప్పులు బయట విప్పి వస్తారు కాబట్టి, వాళ్లు నిలబడే చోట నేల మీద ఫాయిల్ అంటించిన అట్ట పరిచి వైరు దానికి పెట్టండి. కాళ్లతోనే ఎర్త్ అవుతుంది. ఇందులో ఒక తమాషా కూడా ఉంది. ఒక పిల్ల అట్ట మీద నిలబడి, ఇంకో పిల్ల చెయ్యి పట్టుకుని, బయట నిలబడ్డ ఆ రెండో పిల్ల బొమ్మ ముట్టుకుంటే మోగుతుంది. చెయ్యి వదిలేస్తే మోగదు. చెప్పకుండా వదిలేయండి, ఎవరో ఒకరు కనిపెడతారు. ఆ రోజు మీ బడిలో ఇంకే పనీ జరగదు.

స్పీకర్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. బ్లూటూత్ స్పీకర్ వాడకండి. ముట్టుకున్నాక శబ్దం రావడానికి దానిలో సాధారణంగా సెకనులో పదో వంతు కంటే ఎక్కువే ఆలస్యం అవుతుంది. పాట వినేటప్పుడు అది తెలియదు గానీ, ‘నేను ముట్టుకుంటేనే మోగింది’ అని పిల్లవాడికి అనిపించాలంటే ఆ కాస్త ఆలస్యం కూడా పనికిరాదు. వాడు అప్పటికే ఇంకో చోట చెయ్యి వేసి ఉంటాడు, శబ్దం తప్పు రంగుకు అతుక్కుంటుంది. వైరు స్పీకర్ చిన్నది ఒకటి తెచ్చి బొమ్మ వెనకే పెట్టండి, శబ్దం బొమ్మలోంచే రావాలి. మూలన పెడితే తలలన్నీ మూలకు తిరుగుతాయి. మోత మామూలు మాటల స్థాయిలో ఉంటే చాలు, అంటే 60 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో కొలిచే లెక్క) దగ్గర. పిల్లలు హెడ్‌ఫోన్స్ లాంటి వాటిలో వినే శబ్దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు వారానికి 40 గంటలకు 75 డెసిబెల్స్. మన ఫంక్షన్లు ఆ హద్దును ఏ స్థాయిలో దాటుతాయో మీకు చెప్పక్కర్లేదు.

చెవులు మూసుకునే పిల్లలు ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు. బలవంతం చేయొద్దు. గది గుమ్మం దగ్గర నిలబడి చూడనివ్వండి, స్పీకర్ ఆపేసి బొమ్మ మాత్రమే తాకనివ్వండి. సరిగా వినపడని పిల్లలుంటే ఊదిన బెలూన్ చేతికిచ్చి స్పీకర్ దగ్గర పట్టుకోమనండి, డప్పు దెబ్బ అరచేతికి తెలుస్తుంది.

కదలిక కూడా కలపాలని ఉంటే ఇంకో దారి ఉంది. కెనడా కళాకారుడు డేవిడ్ రోక్బీ 1980ల్లోనే కెమెరాతో మనిషి కదలికను పట్టి శబ్దంగా మార్చే ఏర్పాటు చేశాడు. 2013లో యూరీ సుజుకీ అనే జపాన్ కళాకారుడు లక్సెంబర్గ్ మ్యూజియంలో ఇంకా సరదా పని చేశాడు. చిన్న రోబోలు, అవి నేల మీద పరిచిన కాగితంపై నల్ల గీత వెంట నడుస్తాయి, దారిలో రంగు మచ్చ తగిలితే శబ్దం చేస్తాయి. ఆ గీతలు గీసేది చూడ్డానికి వచ్చినవాళ్లే. ఈ రెండోదానికి మీకు ఏ యంత్రమూ అక్కర్లేదు. వాకిట్లో పెద్ద మెలికల ముగ్గు ఒకటి వేసి, చుక్కల బదులు అక్కడక్కడా రంగులు పెట్టండి. పిల్లలు గీత తప్పకుండా నడవాలి, రంగు తొక్కినప్పుడు టీచర్ ఆ రంగు శబ్దం కొట్టాలి. రోబోలు మీ దగ్గర నలభై ఉన్నాయి.

ఇంతా చేశాక మొదలయ్యే తలనొప్పి ఒకటుంది. మోగే బొమ్మకు అలవాటు పడ్డ పిల్లలు ఏ మ్యూజియంకు వెళ్లినా అన్నీ ముట్టుకుంటారు. హంపీలో విఠల గుడి రాతి స్తంభాలు కొడితే సంగీతం పలుకుతాయి, జనం తరాల తరబడి కొట్టీ కొట్టీ పాడుచేస్తుంటే చివరికి కొట్టడం నిషేధించారు. కాబట్టి మొదటి రోజు నుంచే రెండు బొమ్మలు పెట్టండి. ఒకటి ముట్టుకునే ప్రింట్. దానికి నాలుగడుగుల దూరంలో అదే బొమ్మ ఇంకో ప్రింట్, ఫ్రేమ్ కట్టించి, ముందు తాడు కట్టి. ‘ఇది కళ్లతో మాత్రమే’ అని చెప్పండి. చేత్తో విన్నాక కళ్లతో చూడ్డానికి వెళ్లాలి. నీలం దగ్గర నిలబడి నోటితో ‘మ్‌మ్‌మ్’ అంటూ రాగం తీసే పిల్ల ఒకతి కనిపిస్తే, మీ డబ్బులు మీకు వచ్చేసినట్టే.

ఆ టైంలో టీచర్లు ‘ఇది ఏంటి నాన్నా’ అని అడక్కూడదు. అడిగితే పిల్లలు టీచర్ మొహంలో జవాబు వెతుక్కుంటారు. ‘ఇక్కడ ఎలా మోగుతుందనుకుంటున్నావ్?’ అని, ముట్టుకోకముందు అడగండి. కొన్నాళ్లయ్యాక శబ్దాలు తారుమారు చేయండి, నీలానికి గంట, పసుపుకు హార్మోనియం. ‘తప్పు టీచర్!’ అని ఎవరైనా అరిస్తే ఎందుకు తప్పో చెప్పమనండి. ఆ తర్వాత తలకిందులు చేయండి. ముందు శబ్దం వినిపించి, దాన్ని రంగుల్లో వేయమనండి. వాళ్ల బొమ్మలకు వాళ్లే శబ్దాలు ఏరుకోవాలి. అప్పటికి కాండిన్‌స్కీ ప్రింట్ తీసేసినా ఏం కాదు.

పేరెంట్స్ సంగతి. ఐక్యూ మాట మాత్రం ఎవరితోనూ అనకండి. సంగీతం వింటే పిల్లల తెలివి పెరుగుతుందన్న ప్రచారం 1993 నాటి ఒక చిన్న ప్రయోగం నుంచి పుట్టింది. అందులో పాల్గొన్నది కాలేజీ విద్యార్థులు, పసిపిల్లలు కాదు. కనిపించిన తేడా కూడా పది పదిహేను నిమిషాల్లో పోయింది. మీరు చెప్పదగ్గది వేరే ఉంది. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం 2022లో వచ్చిన జాతీయ పాఠ్య ప్రణాళికలో కళాభిరుచి కూడా అక్షరాలూ అంకెలతో పాటు ఒక ముఖ్యమైన భాగమే. ఆ పేజీ ప్రింట్ తీసి నోటీసు బోర్డు మీద పెట్టండి. ఇంకా గొణిగేవాళ్లను ఒక శనివారం పిలిచి, పిల్లల చేతే వాళ్లకు బొమ్మ చూపించమనండి. తన నాలుగేళ్ల కొడుకు ‘నాన్నా, తెలుపు మీద పెట్టు, మోగదు చూడు’ అని చెయ్యి పట్టుకుని లాగితే వాదించే తండ్రి తక్కువ.

తిరగాలని ఉంటే, ఇలాంటివి దగ్గర్లోనూ ఉన్నాయి. బెంగళూరులో ఇండియన్ మ్యూజిక్ ఎక్స్‌పీరియన్స్ మ్యూజియం ఆవరణలో సౌండ్ గార్డెన్ ఉంది. ఆరోవిల్‌లోని స్వరం సంస్థ వాళ్లు చేసిన లోహపు, రాతి, కర్ర శిల్పాలను పిల్లలు ముట్టుకుని మోగించవచ్చు. మీరూ మీ టీచర్లూ ముందు అది చూసి రండి, కంపెనీ బ్రోషర్ కంటే ఎక్కువ తెలుస్తుంది. హైదరాబాద్ వెళ్తే గోల్కొండ ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టించండి, పైన బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. కట్టడం మొత్తం ఒక వాద్యంలా జవాబిస్తుందని పిల్లలకు చెప్పడానికి అంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

ఇన్ని చేశాక కూడా గోడే కావాలనిపిస్తే, కంపెనీవాళ్లను ఇవి అడగండి. శబ్దాలు మేమే రికార్డు చేసి మార్చుకోవచ్చా? కొన్ని చోట్ల మోగకుండా ఆపేయవచ్చా? లైట్లు ఆర్పి శబ్దం మాత్రమే ఉంచవచ్చా? చెడిపోతే ఎన్ని రోజుల్లో వస్తారు, ఏడాదికి మెయింటెనెన్స్ ఎంత? మొదటి మూడింటికి ‘కుదరదు’ అంటే మర్యాదగా టీ ఇచ్చి పంపించేయండి.

వార్షికోత్సవానికి పెట్టండి గానీ స్టేజీ మీద వద్దు. స్టేజీ ఎక్కితే అది ప్రదర్శన అవుతుంది, పిల్లలు బొమ్మను వదిలేసి జనాన్ని చూస్తారు. పక్కన ఒక గది ఇవ్వండి, గుమ్మంలో ఒక టీచర్ నిలబడి నలుగురు నలుగురుగా పంపాలి, ఒక్కో బృందానికి ఐదు నిమిషాలు. పెద్దవాళ్లు లోపలికి రావాలంటే ఒక పిల్ల చెయ్యి పట్టుకునే రావాలి, ఫోన్ జేబులోనే ఉండాలి. డీజే బాక్సులు ఎటువైపు పెడుతున్నారో షామియానా వాళ్లను ముందే కనుక్కుని, గదిని దానికి అవతలి వైపు చూసుకోండి.